స్పాట్‌లైట్ సరిగ్గా పడటం లేదా? గ్రాఫిక్స్ ల్యాబ్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

స్పాట్‌లైట్‌తో (టార్చిలా శంకువు ఆకారంలో వెలుగు వేసే లైటుతో) ఉన్న పెద్ద చిక్కు ఏమిటంటే, తప్పు రాసినా ప్రోగ్రాం నోరు మెదపదు. కంపైల్ అవుతుంది, రన్ అవుతుంది, విండో తెరుచుకుంటుంది. లోపల మాత్రం చీకటి ఉంటుంది, లేదా సీన్ మొత్తం ఒకే మోతాదులో వెలిగిపోతుంది, లేదా గుండ్రంగా పడాల్సిన వెలుగు వంకర టింకరగా పడుతుంది. ఎర్రర్ మెసేజ్ లేదు కాబట్టి ఎక్కడ వెతకాలో తెలియదు. రేపు రివ్యూ అంటే టెన్షన్ మొదలవుతుంది. కటాఫ్ (శంకువు వెడల్పు చెప్పే కోణం) 30 పెట్టి చూస్తారు, 45 పెట్టి చూస్తారు, ఎక్కడో ఒక మైనస్ గుర్తు తీసేసి చూస్తారు. ఇలా అంకెలు మార్చుకుంటూ పోతే ఒక్కోసారి వెలుగుతుంది కూడా, కానీ ఎందుకు వెలిగిందో తెలియదు. కెమెరా తిప్పగానే మళ్లీ పోతుంది.

తిరుపతిలో నా దగ్గరికి వచ్చే ఇంజినీరింగ్ పిల్లల్లో చాలామంది మినీ ప్రాజెక్టుకు గోవిందరాజస్వామి గుడి గోపురమో, చంద్రగిరి రాజమహలో ఎంచుకుంటారు. రాత్రిపూట కింద నుంచి ఫ్లడ్‌లైట్లు వేసినట్టు చూపించాలని వాళ్ల కోరిక. మంచి కోరికే. అయితే ఇందులో లైటింగ్ లెక్కలన్నీ ఒకేసారి పరీక్షకు వస్తాయి. అందుకే ఒక వరుసలో వెళ్లాలి: ఒక్కో అడుగులో ఒక్క విషయమే తేల్చుకోవాలి, అది తేలాకే తర్వాతి దానికి పోవాలి. కమాండ్ల పేర్లను ఇక్కడ మనం ల్యాబ్‌లో పలికేట్టే రాస్తున్నాను.

మీది ఏ ఓపెన్‌జీఎల్?

ఓపెన్‌జీఎల్ అంటే బొమ్మలు గీయమని గ్రాఫిక్స్ కార్డుకు చెప్పే కమాండ్ల సముదాయం, దాన్ని వాడటానికి రెండు పద్ధతులున్నాయి. ఒకే లక్షణానికి ఈ రెండు పద్ధతుల్లో కారణాలు వేరు కాబట్టి ముందు ఇది తేల్చుకోండి. జీఎల్ బిగిన్, జీఎల్ లైట్, జీఎల్ నార్మల్ అని రాస్తుంటే మీది పాత పద్ధతి. ఇది 1992 నాటి ఓపెన్‌జీఎల్ 1.0 నుంచి వస్తున్నదే. దీన్ని 2008లో 3.0 వెర్షన్‌లో తీసేయబోతున్న వాటి జాబితాలో చేర్చారు, అయినా ల్యాబ్ రికార్డుల్లో ఇప్పటికీ నడుస్తోంది. వెర్టెక్స్ షేడర్, ఫ్రాగ్మెంట్ షేడర్ మీరే రాస్తుంటే కొత్త పద్ధతి (షేడర్ అంటే గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాం). పాత పద్ధతిలో లైటు లెక్క వెర్టెక్స్ (ఆకారం మూల బిందువు) దగ్గర మాత్రమే జరుగుతుంది. కొత్త పద్ధతిలో ఆ లెక్కను మీరు ఫ్రాగ్మెంట్ షేడర్‌లో రాస్తే ప్రతి పిక్సెల్‌కీ జరుగుతుంది. ఈ ఒక్క తేడా వల్ల ఎన్ని ప్రాజెక్టులు ఆగిపోతాయో కింద చూస్తారు.

1. సీన్ విప్పేసి నేల ఒక్కటే ఉంచండి

గోపురం, చెట్లు, టెక్స్చర్లు అన్నీ కామెంట్‌లో పెట్టేయండి. 20కి 20 యూనిట్ల నేల, పైన 10 ఎత్తులో అదే కొలత కప్పు, అంతే. లైటు (0, 5, 0) దగ్గర, దిశ (0, -1, 0), కటాఫ్ 15 డిగ్రీలు. కెమెరా (0, 6, 14) దగ్గర నిలబడి మధ్యలోకి చూస్తుంటే చాలు.

ఇప్పుడు కోడ్ రన్ చేయకముందే కాగితం మీద లెక్క వేయండి. కటాఫ్ అంటే శంకువు మొత్తం కోణం కాదు, మధ్య గీత నుంచి అంచు దాకా ఉన్న సగం కోణం. 5 ఎత్తు నుంచి 15 డిగ్రీలు అంటే నేల మీద వృత్తం వ్యాసార్థం 5 ఇంటూ ట్యాన్ 15, అంటే దాదాపు 1.34 యూనిట్లు. 20 యూనిట్ల నేల మధ్యలో 2.68 వెడల్పున్న వెలుగు వృత్తం కనిపించాలి. కప్పు మీద ఏమీ పడకూడదు. ఏం కనిపించాలో ముందే తెలిస్తేనే కనిపించినదాంట్లో తప్పు తెలుస్తుంది. ఈ లెక్క వేయకుండా ముందుకు వెళ్లొద్దని గట్టిగా చెబుతాను.

2. స్పాట్‌లైట్‌ను మామూలు బల్బుగా మార్చి చూడండి

పాత పద్ధతిలో కటాఫ్‌ను 180 చేయండి, శంకువు పోయి అన్ని వైపులా వెలుగుతుంది. షేడర్‌లో అయితే శంకువు లెక్కను గుణించే చోట 1.0 పెట్టండి. ఇప్పుడు కూడా నేల వెలగకపోతే మీ సమస్యకూ స్పాట్‌లైట్‌కూ సంబంధం లేదు. దిశ, కటాఫ్ జోలికి పోకుండా ఇవి చూడండి.

పాత పద్ధతిలో లైటింగ్‌ను ఎనేబుల్ చేయాలి, లైట్ 0ను విడిగా ఎనేబుల్ చేయాలి. రెండూ కావాలి. లైట్ 0కు డిఫ్యూజ్ (తలం మీద పడి అన్ని వైపులా చెదిరే వెలుగు) రంగు మొదటి నుంచే తెలుపు. లైట్ 1 నుంచి మిగిలినవాటికి నలుపు. అందుకే మొదటి లైటు బాగా పనిచేసి, అదే కోడ్ కాపీ చేసి పెట్టిన రెండో లైటు వెలగదు. దానికి డిఫ్యూజ్, స్పెక్యులర్ (మెరుపు) మీరే ఇవ్వాలి.

"అన్నా, లైట్ ఆన్ చేస్తే ఉన్న రంగు కూడా పోయిందన్నా, అంతా బూడిద రంగే" అనే ఫిర్యాదు తరచూ వింటాను. లైటింగ్ ఆన్ అయ్యాక జీఎల్ కలర్ ఇచ్చిన రంగును ఓపెన్‌జీఎల్ పట్టించుకోదు, మెటీరియల్ రంగునే తీసుకుంటుంది. కలర్ మెటీరియల్‌ను ఎనేబుల్ చేస్తే పాత రంగులు తిరిగొస్తాయి.

నార్మల్స్ (తలం ఎటు చూస్తుందో చెప్పే దిశలు) ఇచ్చారా? నేలకు (0, 1, 0), కప్పుకు (0, -1, 0). నార్మల్ ఇవ్వకపోతే పాత పద్ధతిలో మొదటి విలువ (0, 0, 1), అంటే నేల మీ వైపు నిలబడిన గోడలా లెక్కకు వస్తుంది.

ఈ అడుగులో బాగున్నట్టే కనిపించి తర్వాత దెబ్బతీసేది ఒకటుంది: పొజిషన్‌లోని నాలుగో అంకె. (0, 5, 0, 1) అంటే ఆ చోట ఉన్న లైటు. (0, 5, 0, 0) అంటే సూర్యుడిలా ఎక్కడో దూరం నుంచి ఒకే దిశలో వచ్చే వెలుగు. చివర 0 ఉంటే బల్బు పరీక్షలో నేల చక్కగా వెలుగుతుంది. కటాఫ్ పెట్టాక మాత్రం వృత్తం రాదు. దిశ అంతటా ఒకటే కాబట్టి నేలంతా వెలుగుతుంది, లేదా నేలంతా ఆరిపోతుంది. మొదటి విలువలో నాలుగో అంకె 0 గానే ఉంటుంది, కాబట్టి పొజిషన్ ఇవ్వడం మరిచినా ఇదే జరుగుతుంది.

3. పాత పద్ధతి వాళ్లకు: కటాఫ్, వరుస, వెర్టెక్స్‌లు

కటాఫ్‌కు 0 నుంచి 90 దాకా, లేకపోతే 180, అంతే అనుమతి. 120 ఇస్తే ప్రోగ్రాం ఆగదు, ఆ కమాండ్‌ను వదిలేసి పాత విలువతో నడుస్తుంది. ఎక్స్‌పోనెంట్ 0 నుంచి 128 దాకానే. ఫ్రేమ్ చివర జీఎల్ గెట్ ఎర్రర్ పిలిచి అంకెను ప్రింట్ చేయండి: 1280 అంటే పేరు తప్పు, 1281 అంటే విలువ హద్దు దాటింది, 1282 అంటే ఆ సమయంలో ఆ పని చేయకూడదు. నోరు మెదపని ప్రోగ్రాంతో మాట్లాడించే కొద్ది మార్గాల్లో ఇదొకటి, అయినా దీన్ని వాడేవాళ్లు తక్కువ.

ఎక్స్‌పోనెంట్ గురించి ఒక మాట. ఎక్కువ పెడితే లైటు బలంగా అవుతుందనుకుంటారు. అది మధ్య నుంచి అంచుకు వెలుగు ఎంత త్వరగా తగ్గాలో చెప్పే అంకె. 128 పెడితే మధ్య గీతకు 10 డిగ్రీల పక్కన వెలుగు దాదాపు 14 శాతమే మిగులుతుంది. కటాఫ్ 30 అని రాసినా తెర మీద సన్నటి చుక్కే కనిపిస్తుంది. పరీక్ష పూర్తయ్యేదాకా దాన్ని 0 దగ్గరే ఉంచండి.

వరుస సంగతి. లైట్ పొజిషన్ ఇచ్చిన క్షణంలో మోడల్‌వ్యూ మ్యాట్రిక్స్ (వస్తువుల చోటును కెమెరా కొలతల్లోకి మార్చే పట్టిక) ఏదుంటే దానితో ఆ పొజిషన్ గుణించబడి నిలిచిపోతుంది. స్పాట్ దిశ కూడా అంతే. లుక్‌యాట్ (కెమెరాను నిలబెట్టే కమాండ్) పిలవకముందే, ఐడెంటిటీ మ్యాట్రిక్స్ (ఏ మార్పూ చేయని పట్టిక) మీద ఇస్తే లైటు కెమెరాకు అతుక్కుని మైనర్ టోపీ లైటులా మీతోపాటే తిరుగుతుంది. లుక్‌యాట్ తర్వాత ప్రతి ఫ్రేమ్‌లో ఇస్తే సీన్‌లో ఒకచోట నిలబడుతుంది. ఇనిట్ ఫంక్షన్‌లో ఒక్కసారి ఇచ్చి వదిలేసేవాళ్లే ఎక్కువ. పరీక్ష సులభం: కెమెరాను అటూ ఇటూ కదపండి. నేల మీద వెలుగు కూడా జరిగితే వరుస తప్పింది. ఒకవేళ ఏదైనా వస్తువు గీయడానికి రొటేట్ చేసి, ఆ తర్వాత లైట్ పొజిషన్ ఇస్తే ఆ రొటేషన్ లైటుకు కూడా పడుతుంది. పుష్ మ్యాట్రిక్స్, పాప్ మ్యాట్రిక్స్ జతలు సరిచూసుకోండి.

ఇక వెర్టెక్స్‌లు. పాత పద్ధతిలో స్పాట్‌లైట్ పడకపోతే నేను అన్నిటికన్నా ముందు అనుమానించేది దీన్నే. మన నేలకు నాలుగు మూలలే ఉన్నాయి. మధ్య నుంచి ఒక్కో మూల 14 యూనిట్ల దూరంలో ఉంది. వెలుగు వృత్తం వ్యాసార్థం 1.34. ఓపెన్‌జీఎల్ ఆ నాలుగు మూలల దగ్గర మాత్రమే "ఇది శంకువు లోపల ఉందా" అని అడుగుతుంది. నాలుగూ బయటే ఉన్నాయి, నాలుగూ నలుపే. మధ్యలో ఉన్నదంతా ఆ నాలుగు నలుపుల నుంచి పూసినదే కాబట్టి నేలంతా చీకటి. మీ కోడ్‌లో తప్పు లేదు, వెలుగు పట్టుకోవడానికి అక్కడ వెర్టెక్స్ లేదు.

నేలను 10కి 10 గళ్లుగా కోయండి. గడికి 2 యూనిట్లు. సరిగ్గా మధ్యలో ఒక వెర్టెక్స్ పడుతుంది, అది వెలుగుతుంది. పక్క వెర్టెక్స్‌లు 2 యూనిట్ల దూరంలో ఉన్నాయి, అవి వెలగవు. కాబట్టి వృత్తం బదులు కోణాలు తేలిన మచ్చ కనిపిస్తుంది. ఇప్పుడు లైటును అడ్డంగా 1, నిలువుగా 1 జరపండి. అది గడి మధ్యకు వచ్చింది, నాలుగు మూలలూ 1.41 దూరంలో ఉన్నాయి, వ్యాసార్థం 1.34. మళ్లీ అంతా చీకటి! లైటును కదిపితే వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, పిల్లలేమో టైమర్ ఫంక్షన్‌ను అనుమానిస్తారు. 100కి 100 గళ్లు చేస్తే గడికి 0.2 యూనిట్లు, వృత్తం అడ్డంగా 13 వెర్టెక్స్‌లు వస్తాయి. అప్పుడు వృత్తం వృత్తంలా కనిపిస్తుంది, అంచు దగ్గర కాస్త రంపపు పళ్లు మిగులుతాయి. అది కూడా వద్దంటే షేడర్‌కు మారాల్సిందే. గోపురం గోడలకూ ఇదే సూత్రం: ఒక అంతస్తుకు ముందువైపు ఒకే పలక పెట్టి కింద నుంచి లైటు వేస్తే ఏమీ రాదు.

4. షేడర్ వాళ్లకు: తెరనే అడగండి

షేడర్‌లో ప్రింట్ స్టేట్‌మెంట్ లేదు, కానీ రంగు ఉంది. ఏ విలువ మీద అనుమానం ఉంటే ఆ విలువనే రంగుగా బయటికి పంపండి. ఒక పూర్ణాంక యూనిఫాం (మన ప్రోగ్రాం నుంచి షేడర్‌కు పంపే విలువ) పెట్టుకుని కీబోర్డులో 1, 2, 3 నొక్కితే ఒక్కో విలువ కనిపించేలా చేసుకుంటే ప్రాజెక్టు అయ్యేదాకా పనికొస్తుంది.

మొదట నార్మల్. దాని విలువలు మైనస్ 1 నుంచి 1 దాకా ఉంటాయి, రంగు 0 నుంచి 1 దాకా. అందుకే:

రంగు = నార్మల్ × 0.5 + 0.5

నేల నార్మల్ (0, 1, 0) కాబట్టి రంగు (0.5, 1, 0.5), లేత ఆకుపచ్చ రావాలి. వచ్చిందా? ఇప్పుడు కెమెరా తిప్పండి. ఆకుపచ్చ అలాగే ఉంటే మీ లెక్క వరల్డ్ స్పేస్‌లో (సీన్ కొలతల్లో) ఉంది. రంగు మారుతుంటే వ్యూ స్పేస్‌లో (కెమెరా కొలతల్లో) ఉంది. రెండూ మంచివే. నార్మల్ ఒక స్పేస్‌లో, లైట్ పొజిషన్ ఇంకో స్పేస్‌లో ఉంటేనే గొడవ. నార్మల్, ఫ్రాగ్మెంట్ పొజిషన్, లైట్ పొజిషన్, లైట్ దిశ, ఈ నాలుగూ ఒకే స్పేస్‌లో ఉండాలి. వ్యూ స్పేస్ ఎంచుకుంటే లైట్ పొజిషన్‌ను వ్యూ మ్యాట్రిక్స్‌తో గుణించేటప్పుడు నాలుగో అంకె 1, దిశను గుణించేటప్పుడు 0. దిశకు 1 పెడితే కెమెరా జరిగిన దూరం కూడా దిశలో కలిసిపోతుంది, లైటు ఎటో చూస్తుంది.

తర్వాత శంకువు. వెలుగు లెక్క అంతా పక్కన పెట్టి, లోపల తెలుపు, బయట నలుపు మాత్రమే గీయండి:

ఎల్ = నార్మలైజ్(లైట్ పొజిషన్ − ఫ్రాగ్మెంట్ పొజిషన్)
తీటా = డాట్(ఎల్, నార్మలైజ్(−లైట్ దిశ))
తీటా > కొసైన్(కటాఫ్) అయితే తెలుపు, లేకపోతే నలుపు

ఇక్కడ తీటా అంటే కోణం కాదు, ఆ కోణం కొసైన్. ఇప్పుడు తెర మీద వచ్చిన బొమ్మే తప్పు పేరు చెబుతుంది.

నేల నల్లగా ఉండి కప్పు మీద తెల్లటి వృత్తం పడితే మైనస్ గుర్తు మరిచారు. ఎల్ అనేది నేల నుంచి లైటు వైపు వెళ్తుంది, లైట్ దిశ లైటు నుంచి నేల వైపు వస్తుంది. రెండిట్లో ఒకదాన్ని తిప్పాలి. కప్పు పెట్టమన్నది ఇందుకే. కప్పు లేకపోతే ఈ తప్పు ఉత్త చీకటిగానే కనిపిస్తుంది.

అంతా తెల్లగా ఉండి మధ్యలో నల్లటి రంధ్రం ఉంటే పోలిక తిరగబడింది. కోణం పెరిగేకొద్దీ కొసైన్ తగ్గుతుంది. "కోణం కటాఫ్ కన్నా తక్కువ ఉండాలి" అనే మాట కొసైన్‌లోకి వచ్చేసరికి "ఎక్కువ ఉండాలి" అవుతుంది.

వృత్తం వచ్చింది కానీ కొలత కుదరకపోతే డిగ్రీలు, రేడియన్లు చూడండి. సీ భాషలోనైనా, షేడర్‌లోనైనా కొసైన్ ఫంక్షన్‌కు రేడియన్లే కావాలి. డిగ్రీలు నేరుగా ఇస్తే పూర్తిగా చెడిపోతుందనుకుంటారు గానీ, అలా జరగదు. అందుకే ఇది పట్టుకోవడం కష్టం. 25 అని ఇస్తే కొసైన్ 0.991 వస్తుంది, అది నిజంగా 7.6 డిగ్రీల శంకువు. 30 ఇస్తే 0.154, అంటే 81 డిగ్రీలు. 15 ఇస్తే మైనస్ 0.76, అంటే 139 డిగ్రీలు, సీన్‌లో ఎక్కువ భాగం వెలిగిపోతుంది. 25 నుంచి 30కి మారిస్తే సన్నటి చుక్క ఒక్కసారిగా వరదలా పొంగితే ఇక వేరే కారణం వెతకక్కర్లేదు. కోణాన్ని సీ ప్లస్ ప్లస్ వైపే రేడియన్లకు మార్చి, కొసైన్ తీసి, ఆ కొసైన్‌నే యూనిఫాంగా పంపండి. ప్రతి పిక్సెల్‌కూ కొసైన్ లెక్కించే పని కూడా తప్పుతుంది.

లైటు నుంచి ఒక సగం ప్రపంచం మొత్తం తెల్లగా ఉంటే కటాఫ్ యూనిఫాం చేరలేదు. చేరని యూనిఫాం విలువ 0, కొసైన్ 0 అంటే 90 డిగ్రీలు. పేరులో ఒక్క అక్షరం తప్పినా గెట్ యూనిఫాం లొకేషన్ మైనస్ 1 ఇస్తుంది, మైనస్ 1కు విలువ పంపితే ఓపెన్‌జీఎల్ మాటామంతీ లేకుండా వదిలేస్తుంది. కాబట్టి ప్రతి లొకేషన్‌నూ ఒకసారి ప్రింట్ చేయండి. స్ట్రక్చర్ వాడితే లోపలి పేరు మాత్రమే కాదు, చుక్కతో సహా పూర్తి పేరు ఇవ్వాలి. యూజ్ ప్రోగ్రాం పిలవకముందే యూనిఫాం పంపినా అది వేరే ప్రోగ్రాంకు పోతుంది, లేదా 1282 వస్తుంది. ఇంకొకటి: షేడర్‌లో ఫలితానికి అవసరం లేని యూనిఫాంను కంపైలర్ తీసేస్తుంది, దానికి కూడా మైనస్ 1 వస్తుంది. పరీక్ష కోసం లెక్క ఆపేసినప్పుడు ఇది చూసి కంగారు పడొద్దు.

అంతా నలుపే అయితే దిశ ఏం పంపారో చూడండి. దిశ బదులు లైటు చూడాల్సిన చోటు పంపేవాళ్లు చాలామంది. దిశ అంటే గురి మైనస్ పొజిషన్. గురి (0, 0, 0), పొజిషన్ (0, 5, 0) అయితే దిశ (0, -5, 0). గురినే నేరుగా పంపితే దిశ (0, 0, 0) అవుతుంది. పొడవే లేని వెక్టర్‌ను నార్మలైజ్ చేస్తే అర్థం లేని విలువ వస్తుంది, ఆ పైన ఏ పోలికా నిలవదు.

ఇంత చూసినా తేలకపోతే రెండర్‌డాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక ఫ్రేమ్ పట్టి, గ్రాఫిక్స్ కార్డుకు నిజంగా ఏ యూనిఫాం విలువలు చేరాయో చదవొచ్చు. అది ఓపెన్‌జీఎల్ 3.2 కోర్ ప్రొఫైల్ (పాత కమాండ్లు తీసేసిన రకం), ఆ పైవాటికే పనిచేస్తుంది. పాత పద్ధతి ప్రోగ్రాములకు పనికిరాదు.

5. అంచు మెత్తగా రావాలంటే

తెలుపు, నలుపు బొమ్మ సరిగ్గా వచ్చాకే దీనికి రండి. లోపలి కోణం 25, బయటి కోణం 30 అనుకుందాం. వాటి కొసైన్లు 0.906, 0.866.

బలం = (తీటా − 0.866) ÷ (0.906 − 0.866), దాన్ని 0కూ 1కీ మధ్య క్లాంప్ చేయాలి, అంటే ఆ హద్దులు దాటనివ్వకూడదు.

రెండూ తారుమారైతే మళ్లీ మధ్యలో చీకటి రంధ్రం వస్తుంది. రెండూ ఒకటే పెడితే కింద సున్నా వచ్చి లెక్క చెడుతుంది. ఈ బలాన్ని డిఫ్యూజ్, స్పెక్యులర్‌లకే గుణించండి. యాంబియంట్‌కు (అంతటా సమానంగా ఉండే కనీస వెలుగుకు) కూడా గుణిస్తే శంకువు బయట గోపురం ఆకారం కూడా కనబడదు, మోడల్ లోడ్ కాలేదేమో అనుకుంటారు.

6. దూరం, కొలతలు

చిన్న సీన్‌లో బాగా పడిన లైటు, గోపురం మోడల్ తెచ్చాక ఆరిపోతే దూరాన్ని అనుమానించండి. దూరం పెరిగేకొద్దీ వెలుగు తగ్గడానికి దాన్ని ఒక మొత్తంతో భాగిస్తాం. ఆ మొత్తానికి చాలా పాఠాల్లో కనిపించే సంఖ్యలు స్థిరం 1, దూరానికి 0.09, దూరం వర్గానికి 0.032. 5 యూనిట్ల దూరంలో వీటి మొత్తం 2.25, వెలుగు 44 శాతం మిగులుతుంది. అదే మోడల్ సెంటీమీటర్లలో తయారై వస్తే 5 మీటర్లు 500 అవుతాయి. మొత్తం 8046. తెర రంగుకు ఉన్న 255 మెట్లలో దాని వంతు ఒకటి కూడా కాదు, నలుపే. లైటు బలం పెంచుతూ పోవడం మందు కాదు. లోడ్ చేసేటప్పుడే మోడల్‌ను 0.01తో స్కేల్ చేయండి.

7. గోపురానికి ప్రత్యేకంగా: సాగదీసిన నార్మల్స్

గోపురం అంతస్తులన్నీ చూడటానికి ఒకే ఆకారం, పైకి పోయేకొద్దీ చిన్నవవుతాయి. అందుకే పిల్లలు ఒక్క అంతస్తు మోడల్ చేసి, దాన్నే ఒక్కో దిక్కులో ఒక్కోలా స్కేల్ చేసి పేరుస్తారు. తెలివైన పనే. వెలుగు మాత్రం వింతగా పడుతుంది: కొన్ని అంతస్తులు అతిగా వెలుగుతాయి, కొన్ని అసలు వెలగవు.

కారణం ఏటవాలు గోడలు. 45 డిగ్రీల వాలున్న గోడకు నార్మల్ (1, 1) వైపు ఉంటుంది. ఆ అంతస్తును అడ్డంగా 4 రెట్లు సాగదీస్తే గోడ దాదాపు పడుకుంటుంది, నార్మల్ నిజానికి పైకి తిరిగి (1, 4) వైపు చూడాలి. నార్మల్‌ను కూడా అదే మ్యాట్రిక్స్‌తో గుణిస్తే (4, 1) వస్తుంది, పక్కకు చూస్తుంది. తేడా దాదాపు 62 డిగ్రీలు. కింద నుంచి వేసిన లైటు ఆ గోడను ఎలా వెలిగించాలో లెక్కకు తెలియకుండా పోతుంది.

దీనికి నార్మల్ మ్యాట్రిక్స్ వాడాలి: మోడల్ మ్యాట్రిక్స్‌లోని 3కి 3 భాగం ఇన్వర్స్‌కు ట్రాన్స్‌పోజ్. దాన్ని సీ ప్లస్ ప్లస్‌లో ఒకసారి లెక్కించి పంపండి. ఫ్రాగ్మెంట్ షేడర్‌లోకి వచ్చాక నార్మల్‌ను మళ్లీ నార్మలైజ్ చేయండి, ఎందుకంటే వెర్టెక్స్‌ల మధ్య పూసేటప్పుడు దాని పొడవు తగ్గుతుంది. పాత పద్ధతిలో ఈ మ్యాట్రిక్స్ పని ఓపెన్‌జీఎల్ తానే చేసుకుంటుంది, పొడవు సరిచేయడానికి మాత్రం జీఎల్ నార్మలైజ్‌ను ఎనేబుల్ చేయాలి. ఆ లైను లేకుండా స్కేల్ చేస్తే చిన్న చేసిన వస్తువులు మరీ వెలిగిపోతాయి, పెద్ద చేసినవి మసకబారతాయి.

8. గోడ వెనక వెలుగు

"గోడకు అవతల కూడా వెలుగు పడుతోందన్నా" అంటే అది తప్పు కాదు. మనం రాసిన లెక్కలో ఒక చుక్క శంకువులో ఉందా, లైటు వైపు తిరిగి ఉందా అని మాత్రమే చూస్తాం. మధ్యలో అడ్డం ఏదైనా ఉందా అని ఎక్కడా అడగలేదు. నీడలు కావాలంటే షాడో మ్యాప్ (లైటు వైపు నుంచి సీన్‌ను ఒకసారి గీసి దేనికి అడ్డం ఉందో తేల్చే పద్ధతి) విడిగా రాయాలి, అది ఇంకో పెద్ద పని. దానికి దిగేవాళ్లకు రెండు విషయాలు మాత్రం చెబుతాను. లైటు వైపు నుంచి గీసేటప్పుడు పర్‌స్పెక్టివ్ కోణం బయటి కటాఫ్‌కు రెట్టింపు ఉండాలి, లేకపోతే వృత్తం అంచులు కోసుకుపోతాయి. లైటు నిట్టనిలువుగా కిందికి చూస్తుంటే లుక్‌యాట్‌కు ఎప్పటిలా (0, 1, 0) పైదిశగా ఇవ్వకండి. చూపు, పైదిశ ఒకే గీత మీద పడి మ్యాట్రిక్స్ పాడవుతుంది. (0, 0, 1) ఇవ్వండి.

బ్రౌజర్‌లో త్రీ జేఎస్‌తో చేసేవాళ్లకు

త్రీ జేఎస్ అనేది జావాస్క్రిప్ట్ లైబ్రరీ. ఇక్కడ లెక్క మీరు రాయక్కర్లేదు, కానీ ఉచ్చులు వేరే ఉన్నాయి. మెష్ బేసిక్ మెటీరియల్ ఏ లైటునూ పట్టించుకోదు, లాంబర్ట్ గానీ స్టాండర్డ్ గానీ వాడండి. స్పాట్‌లైట్ గురిని జరిపితే ఆ టార్గెట్‌ను కూడా సీన్‌కు యాడ్ చేయాలి, లేకపోతే లైటు పాత చోటునే చూస్తుంటుంది. కోణం రేడియన్లలో సగం కోణమే. ఇంటర్నెట్‌లో దొరికే పాత కోడ్ కొత్త వెర్షన్‌లో చీకటిగా కనిపిస్తే ఇంటెన్సిటీ చూడండి: 155వ రిలీజ్ నుంచి స్పాట్‌లైట్ ఇంటెన్సిటీని క్యాండెలాల్లో (వెలుగు తీవ్రతను కొలిచే ప్రమాణంలో) తీసుకుంటున్నారు. అప్పట్లో 1 సరిపోయిన చోట ఇప్పుడు వందల్లో ఇవ్వాల్సి రావచ్చు.

ఎవరినైనా అడిగేటప్పుడు

ల్యాబ్‌లో సీనియర్‌ను గానీ, మేడంను గానీ అడిగే ముందు ఇవి సిద్ధం చేసుకోండి: నేల మాత్రమే ఉన్న సీన్ స్క్రీన్‌షాట్, నార్మల్ రంగుల స్క్రీన్‌షాట్, తెలుపు నలుపు శంకువు స్క్రీన్‌షాట్. వాటితో పాటు లైట్ పొజిషన్, దిశ, కటాఫ్ విలువలు, ఓపెన్‌జీఎల్ వెర్షన్, గెట్ ఎర్రర్ ఇచ్చిన అంకె. మానిటర్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పంపితే అందులో రంగులు మారిపోతాయి, లేత ఆకుపచ్చ కూడా తెల్లగా పడుతుంది. కోడ్ మొత్తం పంపకండి. నేల, లైటు ఉన్న చిన్న ప్రోగ్రాం పంపితే ఎదుటివాళ్లు తమ సిస్టంలో రన్ చేసి చూడగలుగుతారు. ఈ మూడు బొమ్మలూ ముందుంటే చూసేవాళ్లు పైన చెప్పిన వాటిలో ఏ అడుగు దగ్గర లెక్క తప్పిందో చాలావరకు అక్కడికక్కడే చెప్పేస్తారు.